రాజన్నకు జుట్టు, బ్యాంకాక్‌కు మొకం

భివండీల నా మాట ఎవరూ నమ్మరు. ఇది గొప్పకు చెప్తలేను, ఉన్న సంగతి. ఒక వానాకాలం కనేరి బస్తీల మా కార్ఖానలకు నీళ్లొచ్చినయి. ఆ నీళ్లల్లనే సాంచ నడిచిందని, దిగిన తానుల ఒక చేప బుట్టా లెక్క నేసుకుపోయిందని, కొననీకి వచ్చినాయన ఇదే డిజైన్ ఇంకో నాలుగు తానులు కావాలని పట్టుబట్టిండని చాయ్ హోటల్ల చెప్పిన. విన్నోళ్లు నవ్వి చాయ్ తాపిచ్చిండ్రు. వారం తిరగకముందే అదే కథను ఒకాయన నాకే మళ్ల చెప్పిండు, చేపకు తోడు ఇంకో చేపను కలిపి. మా దిక్కు మరమగ్గాన్ని సాంచ అంటరు. దాని చప్పుడుకు పొద్దంత చెవులు మొద్దుబారిన మనుషులకు సాయంత్రం ఇంత కోత కావాలె. నేను కోసేటోన్ని, వాళ్లు వినేటోళ్లు. నమ్ముడు మా బేరంల లేదు.

అసొంటి నాకు తెచ్చి సేఠ్ వీసాల పని అప్పజెప్పిండు.

సేఠ్ అంటే మాకు సూత్, అంటే నూలు, అమ్మేటాయన. రెండువేలు దాటిన కొత్తల ధందా కొంచెం సల్లబడ్డది. ఏడాదంత తన దగ్గరనే ఎక్కువ సూత్ తీసుకున్న సాంచలోళ్లకు బ్యాంకాక్ టూర్ అని పెట్టిండు. సాంచలాయనకు ఒక టికెట్, తోడుకు ఒక టికెట్. తీసుకున్నోళ్లల్ల శానమంది మా కరీంనగర్ దిక్కోళ్లే. వాళ్ల కాగితాలు జమచేసి బొంబాయిల ఏజెంటుకు ఇయ్యాలె, ఏజెంటు చెప్పిన రూల్స్ తెచ్చి వీళ్లకు తెలుగుల చెప్పాలె. "నీకు నోరున్నది, నువ్వే చూడు," అన్నడు సేఠ్. అందుకు నాకు ఒక సీటు. నావి కిరాయికి తీసుకున్న సాంచలు, టూర్ వచ్చేంత సూత్ నేను ఈ జన్మల కొనేది లేదు. సరే అన్న.

ఏజెంటు ఆఫీసు బొంబాయిల ఒక పాత బిల్డింగుల, లిఫ్ట్ పక్కన. ఆయన ఒక్కొక్క రూలు చెప్తుంటే నాకు లోపల కుళ్లు పుట్టింది. ఇన్నేండ్ల సంది నేను కష్టపడి అల్లుతున్నవాటికంటే ఈ సర్కారోళ్లు అల్లినయే పెద్దగున్నయి. వాళ్లకు పైనుంచి ముద్ర గూడ ఉన్నది.

శుక్రవారం సాంచలు బందుంటయి. ఆనాడు టెంఘర్ల మా బావ కార్ఖానల అందరిని కూసోబెట్టిన. బావ అంటే మా అక్క పెనిమిటి, మా తెలుగోళ్లల్ల కొంచెం పెద్ద సాంచలాయన.

"పోయేది ఐదు దినాలకే," అన్న. "కని పాస్‌పోర్టుకు ఇంకా ఆర్నెల్ల ఆయుష్షుండాలె."

"ఎందుకు? ఆర్నెల్లు ఉంచుకొని అల్లునికి పెట్టినట్టు పెడ్తరా?" అన్నడు ఒకాయన.

"పోకముందే వాపసొచ్చే టికెట్ చూపియ్యాలె."

"ఇంకా పోనేలేదు కదనే."

"వీసా ఇక్కడ ఇయ్యరు. అక్కడ దిగినంక, వాళ్ల గడపల నిలబడి, లోపటికి రావొచ్చా అని అడగాలె. అప్పుడు ఇస్తరు."

మూలకు కూసున్న ముసలాయన బీడీ పక్కకు పెట్టిండు. "ఇంత దూరం పోయి గడపల నిలబడి అడుగుడేందిరా. వాళ్లు వద్దంటే? గాల్లనే తిరిగొస్తమా? గిది నీ చేప కథనే."

"జేబుల పైసలు చూపియ్యాలె. ఖర్చు పెట్టమని కాదు, ఉన్నయని చూపియ్యాలె."

"గది పిల్లనిచ్చేటోళ్లు గూడ అడుగుతరు. గదొక్కటి నమ్ముతున్న," అన్నడు ముసలాయన.

ఫోటో దగ్గర అసలు లొల్లి అయ్యింది. ఫోటోల వెనక తెల్లగుండాలె అన్న. సాంచలోళ్లకు బట్ట సంగతి నువ్వు చెప్పుడేందని, బావ సొంత తాను ఒకటి గోడకు కట్టిచ్చిండు. ఫోటో తీసెటాయనను కార్ఖానకే పిలిచి వరుసగ అందరికి అక్కడనే ఫోటోలు తీపిచ్చిండు. ఏజెంటు అన్నిటిని చూసి వాపసు ఇచ్చిండు. సాంచ మీంచి దిగిన కోరా బట్ట కదా, ఇంకా ఉతికి తెల్లగ చేసే ధులాయికి పోలే. మా కండ్లకు అది తెలుపే. పుట్టినప్పటిసంది దాన్నే తెలుపు అనుకుంటున్నం. ఫోటోల చూస్తే అందరు పసుపు గోడ ముందల నిలబడ్డట్టున్నరు. మళ్ల తీపిచ్చుకున్నరు. అదిగూడ నేను చేసిన కిరికిరే అన్నరు.

బావ దగ్గర ఒక పాత పాస్‌పోర్టుండె. ఎప్పుడో దుబాయి పోదామనుకొని తీసి, పోకుండ పెట్టెల పెట్టింది. దానికి ఇంకా నాలుగు నెల్లున్నయి. "ఐదు దినాలకు నాలుగు నెల్లు తక్కువైనయా? బామ్మర్ది గప్పాలు నా దగ్గర కాదు," అనుకుంట తానే బొంబాయి పోయి ఏజెంటును అడిగిండు. సాయంత్రం చప్పుడు చేయకుండ వచ్చి పాస్‌పోర్టు నా చేతుల పెట్టిండు, కొత్తది చేపియ్యమని. హోటల్ల నలుగురి ముందల, "మావోడు నిజం చెప్పిండు," అని ఎవలో పోయిన వార్త చెప్పినట్టు చెప్పిండు.

ఇగ తోడు సంగతి. మొగోళ్లందరు తోడుకు మొగోళ్లనే అనుకున్నరు. పోయేది బ్యాంకాక్. ఎందుకు పోతున్నరో ఒకరి మొకం చూసి ఒకరు నవ్వుకునేటోళ్లు, నోటితోని అనకపోయేది. బావ గూడ కాల్హేర్ల గోదాములు నడిపే దోస్తుకు మాట ఇచ్చిండు. ఆ మాట మా అక్క చెవుల పడ్డది. అక్క కూసునేది కార్ఖాన వెనక, కండెలు చుట్టే మిషన్ కాడ. సూత్‌ను కండెలకు చుట్టి ఇస్తెనే సాంచ నడుస్తది. పెండ్లై ఈ ఊరికి వచ్చిన మర్నాటి సంది అదే పని.

చేతులు తుడుసుకుంట వచ్చి, "రెండో టికెట్ నాది," అన్నది.

బావ నవ్విండు. "నీకు ఎందుకే, గక్కడ ఏమున్నది?"

"ఏమున్నదో నాకు తెల్వది. సూత్ కొన్నందుకు కదా ఇస్తున్నరు. ఆ సూత్ అంత నా చేతుల మీదికెళ్లే పోయింది. గాలిమోటర్ల కూసోవాలనున్నది. నేనొస్త."

"పాస్‌పోర్టే లేదు నీకు."

"తీసుకుంట."

అంత అల్కగ అయ్యే పని కాదు. అక్క పుట్టింది ఇంట్ల, బడికి పోయింది లేదు. ఏ తారీఖున పుట్టిందో మా అమ్మకు గూడ తెల్వకపాయె. బతుకమ్మ పండుగకు ముందల, మొక్కజొన్నలు ఇరిసేటప్పుడు అని చెప్పేది. ఆ లెక్కకు పాస్‌పోర్టు ఇయ్యరు. అఫిడవిట్ చేపిచ్చినం, పోలీసాయన ఇంటికొచ్చి అడిగిపోయిండు. తర్వాత సప్పుడు లేదు. బావకు లోపల సంబరమే, దోస్తుకిచ్చిన మాట పోదని. అక్క మాత్రం వేములవాడ రాజన్నకు మొక్కుకున్నది, పాస్‌పోర్టు బుక్కు చేతికొస్తే తలనీలాలు ఇస్తనని.

మా దిక్కోళ్లకు రాజన్న మొక్కు ఆటకాదు. కోడెను కట్టుడు, తలనీలాలు ఇచ్చుడు, ఆడోళ్లైనా మొగోళ్లైనా ఒకటే. అక్క జుట్టు శాన పొడుగు. కండెల మిషన్ల చిక్కుకోవద్దని ముడేసుకొని పైన బట్ట కట్టుకునేది. పాస్‌పోర్టు ఫోటోకు మాత్రం జడేసుకొని ముందలికి తెచ్చుకొని నిలబడ్డది. జడ కొసదాకా పడాలన్నది. ఫోటో ఎదకాడికే ఆగుతదని తీసేటాయన చెప్తే, "సగమన్న పడనియ్యి," అన్నది.

బుక్కు వచ్చింది. వచ్చిన కొద్దిదినాలకే మా ఊరి దిక్కు చుట్టాల పెండ్లైంది. అక్క పోయి, వచ్చేటప్పుడు వేములవాడకు పోయి, గుండుతోని భివండీల బస్సు దిగింది.

"టూర్‌కు పోయొచ్చినంక ఇస్తే అయిపోకపోవునా," అన్న.

"మొక్కు బాకీ పెట్టుకొని సముద్రం దాటొద్దురా. దేవుడు గక్కడ ఎదురుచూస్తుంటే నేను గాలిమోటర్ల కూసుంటనా?"

ఆమె మాటల తప్పేం లేదు. తప్పు నా రూల్ల ఉన్నది. పాస్‌పోర్టు ఫోటోల ఎట్లున్నరో మనిషి గట్లనే ఉండాలె, పోయేదాకా మొకం మార్చుకోవద్దని నేనే అందరికి చెప్పిన. ఏజెంటు చెప్పింది గంతే. కని ఉత్త రూలు చెప్తే నాకు నాలుక దురద పోదు. ఎవలో ఒకాయన మీసం తీసి పోయిండని, మీసం మళ్ల మొలిచేదాక ఎయిర్‌పోర్టుల బెంచి మీద కూసోబెట్టిండ్రని, రోజూ అద్దం పట్టుకొచ్చి కొలిచి పోయేటోళ్లని కలిపి చెప్పిన. అందరు నవ్విండ్రు. బావ నవ్వలే, యాది పెట్టుకున్నడు.

"నీ తమ్ముడే చెప్పిండు," అన్నడట అక్కతోని. "మీసం పోతేనే కూసోబెడ్తరట. నీకు తలకాయే మారిపాయె. నలుగురి ముందల ఇజ్జత్ పోగొట్టుకునుడెందుకు? ఇంట్ల ఉండు." కాల్హేర్ దోస్తుకు కబురు గూడ పోయింది.

అక్క కనేరికి నా కార్ఖానకు వచ్చింది. సాంచలు నడుస్తున్నయి. ఆ చప్పుడుల మాట్లాడాలంటే చెవుల దగ్గర నోరు పెట్టాలె. పక్కనున్నోనికి గూడ వినపడదు. అందుకే అక్కడికి వచ్చిందనుకుంట.

"తమ్మీ, ఆ రూలు నిజమా, నీదా?"

ఇన్నేండ్లల్ల నన్ను ఇట్ల అడిగినోళ్లు లేరు. విన్నోళ్లు నవ్వి పోతరు, లేకుంటే తిట్టి పోతరు. ఏది ఎంత అని ఎవలూ తూకం అడగలే. నాదే అంటే అక్క సంబరంగ వస్తది, అక్కడ గడపల ఆగిపోతది. నిజమంటే ఇక్కడనే ఆగిపోతది. నా జీవితంల నేను చెప్పింది అబద్ధమైతే బాగుండునని అనుకున్నది ఆ ఒక్కసారే.

"రూలు నిజం," అన్న. "మీసమాయన నావోడు."

"నన్ను ఆపుతరా?"

"అడుగుతరు. ఆపుతరో లేదో నాకు తెల్వదక్కా."

సాంచ మీద తాను ఎంత దిగిందో వంగి చూసింది. "అడిగితే చెప్త," అన్నది. "చెప్పుకోరాని పని ఏం చేసిన?"

ఆ సాయంత్రం బావ దగ్గర లొల్లేం చెయ్యలే. అన్నం పెట్టుకుంటనే ఒక మాట అన్నదట. బావే నాకు తర్వాత చెప్పిండు. "ఆపేటోళ్లు గక్కడ కూసున్నరు కదా, ఆపేదుంటే వాళ్లను ఆపనియ్యి. నేను వాపసొస్త, నువ్వు పో. కని గడప దాటకముందు నువ్వు ఆపకు." బావ తిన్నంతసేపు తిని, చెయ్యి కడుక్కొని, దోస్తుకు ఫోన్ చేసి రావద్దన్నడు.

ఏజెంటును మళ్ల పోయి అడిగిన. ఇప్పటి మొకంతోని కొత్త ఫోటో తీసుకొనిరా, అక్కడ వీసా కాగితానికి అంటిద్దం, మిగిలింది ఆఫీసర్ ఇష్టం అన్నడు. ఆ మాటను భివండీ దాక ఏమీ కలపకుండ తెచ్చిన. బస్సుల కూసున్నంతసేపు కలపాలని నోరు గుంజింది. గుండోళ్లకు సీటు ముందల ఇస్తరని అన్నా చెప్దామనిపిచ్చింది. ఆపుకున్న.

పోయే దినం అక్క పలచ రంగు చీర కట్టుకొని, తల మీదికి కొంగు కప్పుకొని ఎయిర్‌పోర్టుకు వచ్చింది. కొంగు కొసకు ఏదో ముడేసి ఉన్నది. బొంబాయిల పాస్‌పోర్టు చూసేటాయన మన మరాఠీ మనిషి. బుక్కు చూసిండు, మొకం చూసిండు. అడగకముందే అక్క కొంగు వెనక్కి అన్నది.

"బాలాజీ?" అన్నడు.

"నై. రాజన్న."

రాజన్న ఎవలో ఆయనకు తెల్వదు, గుండు తెలుసు. వాళ్ల అమ్మ గూడ ఇచ్చిందని మరాఠీల అనుకుంట ముద్ర వేసిండు. వెనక లైన్ల నిలబడ్డ బావ నన్ను చూసి, "చూసినవా, ఏం కాలే," అన్నడు, తానే పనిచేపిచ్చినట్టు.

విమానంల అక్కకు కిటికీ సీటు దొరికింది. లేచేటప్పుడు కండ్లు మూసుకుంటదనుకున్న. మూసుకోలే. నేను అందరి కార్డులు నింపుకుంట కూసున్న. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏ హోటల్ల ఉంటరు, ఎందుకొచ్చిండ్రు. ఎందుకొచ్చిండ్రన్న కాడ అందరికి టూరిస్ట్ అని రాసిన. అక్కను గూడ అడిగిన, ఊకెనే. "చూడనీకి అని రాయి," అన్నది.

దిగినంక వీసా లైను. అక్కడ కూసున్నది ఒక ఆడామె, అక్క వయసుదే ఉంటది. ఆమె చేతుల ఇప్పుడు రెండు ఫోటోలున్నయి. బుక్కుల జడ ముందలికి వేసుకున్న మనిషి, కాగితం మీద గుండు మనిషి. ఎదురంగ కొంగు కప్పుకున్న మనిషి. బుక్కు చూసింది, కాగితం చూసింది, మొకం చూసింది. మళ్ల బుక్కు. పక్క సీటాయనను పిలిచింది. ఆయన వంగి చూసి ఏదో అడిగిండు. మాకు వాళ్ల బాస రాదు, వాళ్లకు మాది రాదు, ఇద్దరికి ఇంగ్లీషు అంతంతే.

మా గుంపోళ్లంత మెడలు చాపి చూస్తున్నరు. బావ జర వెనక్కి జరిగిండు. నేను పక్కకు పోయి నిలబడ్డ. అసొంటప్పుడు పనికొస్తదని ఒక కథ తయారు చేసుకొనే వచ్చిన. అక్కకు పెద్ద జ్వరమొచ్చిందని, డాక్టర్లు జుట్టు తీసిండ్రని, ఏడిపిచ్చేటట్టు. నోరు తెరిచిన. చెప్పనీకి నాకు బాస లేదు. కథ మొత్తం నాలుక మీద ఉన్నది, ఒక్క మాట బయటికి వస్తలేదు. భివండీల నన్నెరిగినోళ్లు ఆ గడియల చూసుంటే టికెట్ పెట్టి చూసేటోళ్లు.

అక్క కొంగు ముడి విప్పింది. అండ్ల మడత పెట్టిన కాగితం ఒకటి, వేములవాడ కల్యాణకట్ట కాడ తలనీలాలకిచ్చే టికెట్. దాన్ని సాపు చేసి ఆఫీసరామె ముందలి గల్ల బల్ల మీద పెట్టింది. ఆమె తీసుకొని ఒకసారి ఇటు తిప్పింది, ఒకసారి అటు తిప్పింది. అన్ని తెలుగు అక్షరాలే. అక్క కొంగు పూరగ తీసేసి, తల వంచి, చేతిని కత్తి లెక్క నెత్తి మీద ముందలికెళ్లి వెనక్కి తెచ్చి, రెండు చేతులు మీదికెత్తి మొక్కింది. తర్వాత తల ఎత్తి, ఇగ నీ ఇష్టం అన్నట్టు నిలబడ్డది.

ఆ ఆఫీసరామె చేతిల ఉన్న బుక్కును కింద పెట్టింది. రెండు చేతులు జోడిచ్చి, మొకం దాక తెచ్చి, తల కొంచెం వంచింది. ముద్ర వేసింది. టికెట్‌ను మడతవెట్టి రెండు చేతులతోని వాపసిచ్చింది.

తర్వాత బావ వంతు. వాపసు టికెట్ చూపియ్యమన్నది, హోటల్ కాగితం చూపియ్యమన్నది, పైసలు చూపియ్యమన్నది. బావ ఒక్కొక్క జేబుల నుంచి ఒక్కొక్కటి తీస్తుంటే అవతల దాటి నిలబడ్డ అక్క, "ఆర్నెల్లు గూడ చూపియ్యి," అన్నది.

బస్సుల గైడును అడిగినం. వాళ్ల దేశంల ఇల్లు వదిలి గుళ్లె ఉండే ఆడోళ్లు గుండు చేసుకుంటరట, తెల్లబట్ట కడ్తరట. కనపడితే మొక్కుతరట. అక్క కంగారు పడ్డది. "నేను సన్నాసిని గానని చెప్పమనురా. ముగ్గురు పిల్లలున్నరని చెప్పు." గైడు ఎందరికని చెప్తడు? పండ్లమ్మేటామె మొక్కింది, పడవల ఒకాయన లేచి సీటిచ్చిండు. మా మొగోళ్లు భివండీల నవ్వుకున్న నవ్వులు ఆ ఐదు దినాలు బయటికి రాలే. గుండు మనిషిని పక్కన పెట్టుకొని ఎక్కడికి పోతరు? అందరు గుళ్లే చూసిండ్రు. ముసలాయన ఒక్కడే, "మంచిగనే ఉన్నది, పైసలు మిగిలినయి," అన్నడు.

నాకు మాత్రం ఆ గల్ల కాడ సంగతే మతిలుంటది. మొక్కింది కాదు, దానికి ముందలిది. ఫోటో, మొకం, ఫోటో, మొకం. ఈ మనిషి ఆ మనిషేనా అని అంతసేపు అక్క మొకం దిక్కు చూసినోళ్లను నేను ఎరుగ. బావ చూసి ఉండడు. కండెలు అందుతున్నయా లేదా అని చూసెటోళ్లం అందరం. నేను గూడ. అది ఆఫీసరామె కొలువు, చూడకపోతే జీతం రాదు, అంతే కావచ్చు. కని ఎవలన్న గట్ల చూడాలంటే మనిషి దేశం దాటాల్సి వచ్చింది.

తిరిగొచ్చినంక అక్క కండెల మిషన్ కాడ ఆడోళ్లకు చెప్పింది. వాళ్లు నమ్మలే. "తమ్మునితోని పోయొచ్చినవ్ కదా, ఆయన గాలి సోకింది," అన్నరు. నేను హోటల్ల చెప్పిన, అక్కడ సరే సరి. జుట్టు మళ్ల మొలిచి, మునుపటి లెక్కనే పొడుగైంది. ఆ టికెట్‌ను పాస్‌పోర్టులనే పెట్టి దాసింది. కాలం గడిచినా బుక్కు తీసి ఫోటో చూసుకుంటదట. గుండు ఫోటో వాళ్లే ఉంచుకున్నరని ఒకసారి బాధపడ్డది.

ఇంటికి చుట్టాలొస్తే బావ నన్నే ఆ కథ చెప్పమంటడు. నేను మొదలుపెడ్త. ఆఫీసరామెను కుర్చీల నుంచి లేపుత, గల్ల చుట్టు తిప్పి ఇవతలికి తెస్త. లైన్ల ఉన్న దేశదేశాలోళ్లందరు చేతులు జోడిచ్చే కాడికి వస్త.

అప్పుడు లోపటికెళ్లి అక్క గొంతు వినపడ్తది, అన్నం గిన్నె దించిన సప్పుడుతోని.

"లేవలేదురా. కూసునే మొక్కింది."

నేను ఆమెను మళ్ల కుర్చీల కూసోబెట్టి, అక్కడికి ఆపుత.